ఎర్ర కారుకు నలుగు

పుస్తకాలు చదవకపోతే ఎంత నష్టమో చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. సగం చదివితే ఎంత నష్టమో చెప్పాలంటే మాత్రం కడప జిల్లా మొత్తం గాలించినా నాకంటే అర్హుడు దొరకడు. ఏడేళ్ళ కిందట ఒక్క ఆదివారం పూటలో ఒక ఖరీదైన కారును నడిరోడ్డు మీద నిలబెట్టి, ముప్పై ఏళ్ళుగా మచ్చ లేని ఒక పెద్దమనిషిని దొంగను చేసి, చివరికి ఆ దొంగతనం నా సొంత చొక్కా జేబులోనే దొరికేటట్లు చేసుకున్న ఘనుణ్ణి నేను. నిదానంగా చెబుతాను, మీరు నిదానంగా నవ్వుకోండి.

ముందు నా సంగతి. మాకు కడపలో పసుపు కొట్టు ఉంది. పొద్దున కొట్టు, సాయంత్రం గ్రంథాలయం, ఇదీ నా దినచర్య. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా, గ్రంథాలయంలో మూడు బీరువాలు పూర్తి చేశానన్న గర్వం నడకలోనే కనబడేది. తేనెటీగల పెంపకం చదివిన నెలలో మా అమ్మ చక్కెర డబ్బా దాచేసింది. వాస్తు చదివిన నెలలో మా నాయన నన్ను కొట్టు గుమ్మం దగ్గరికి రానివ్వలేదు. సరిగ్గా ఈ కథ జరగడానికి ముందు చదివిన పుస్తకం నేర పరిశోధన మీద. దాంతో ప్రపంచమంతా నాకు అనుమానంగా కనబడసాగింది. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపినట్లే. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపినట్లు.

అట్లాంటి రోజుల్లో మా అక్క మొగుడు, మా జయచంద్ర బావ, బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. బావది కడప బండల వ్యాపారం. రోజంతా నల్లటి బండల మధ్య ఉండే మనిషి కాబట్టి కారు ఎర్రదే కావాలన్నాడు. రెండే సీట్లు. ఎత్తు మా కొట్టులో కాటా పెట్టే బల్ల అంత. అందులోకి ఎక్కడం ఉండదు, దిగబడడమే. మా వీధి స్పీడ్ బ్రేకరు దగ్గర బావ స్టీరింగు పట్టుకుంటే, మా ఇంట్లోంచి ఇద్దరం బయటికి వచ్చి, కాన్పు చేయించే వాళ్ళలాగా అటొకరు ఇటొకరు వంగి చూస్తూ దాన్ని దాటించాలి.

ఆ కారులో స్టీరింగు వెనక ఇంజను ఆయిల్ ప్రెషర్ చూపే ఒక చిన్న ముల్లు ఉంది. పొద్దున స్టార్ట్ చేయగానే అది నిగడదన్ని నిలబడేది. ఊరంతా తిరిగి, ఇంజను కాగి, సిగ్నల్ దగ్గర ఆగితే మెల్లగా కిందికి జారేది. బావ ఆ ముల్లును ఎప్పుడూ చూడలేదు. నేను చూశాను. చూసినవాణ్ణి ఊరికే ఉండొచ్చు కదా, ఉండలేదు.

"బావా, నీ కారు ప్రాణం కారిపోతాంది," అన్నాను.

బావ భయపడి కారును నేరుగా రాజంపేట రోడ్డులోని మస్తాన్ భాయ్ షెడ్డుకు తోలాడు. మస్తాన్ భాయ్‌కి అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఫారిన్ కార్ల గ్యారేజీలో పదేళ్ళు చేసి వచ్చాడు. మా ఇంటి వాహనాలకు, మా నాయన స్కూటరు కాలం నుంచీ, ఆయనే డాక్టరు. ఆయన ముల్లును చూసి ఊరుకోలేదు. కారుతో వచ్చిన మీటరు అబద్ధం చెప్పొచ్చని, దాని సెన్సరు విప్పి, ఆ చోట తన సొంత గేజు బిగించి, ఇంజనును బాగా కాగబెట్టి మరీ కొలిచాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఏమీ లేదు తీసుకుపొమ్మన్నాడు.

"ముల్లు పడిపోతాంది గదా భాయ్," అన్నాను నేను.

"కాగినాక ఆయిలు పల్చనైతాది అప్పా. ఇంజను నిదానంగా తిరుగుతాంటే పంపు గూడా నిదానమే. ముల్లు దిగాల. దిగకపోతేనే నాకు భయం."

బావ సంతోషంగా తల ఊపాడు. నేను ఊపలేదు. పాఠకులారా, మీరే చెప్పండి, ఏమీ మార్చనక్కరలేదు అని చెప్పిన మెకానిక్కును మీరు ఎప్పుడైనా చూశారా? ఏదో ఒకటి మార్చమనడమే మెకానిక్కు లక్షణం. మార్చొద్దన్నాడంటే లోపల ఏదో దాస్తున్నాడని అర్థం. ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఇంజన్ల మీద ఒక లావుపాటి పుస్తకం తీశాను. ఆయిల్ ప్రెషర్ తగ్గడానికి కారణాలు అన్న అధ్యాయంలో మొదటి కారణం దగ్గరే నా కళ్ళు అతుక్కుపోయాయి. తగని ఆయిలు, లేదా కల్తీ ఆయిలు అని ఉంది. పేజీ తిప్పబోయేసరికి లైబ్రేరియన్ ఫ్యాన్లు ఆపి, తాళంచెవులు గలగలలాడించాడు. నేనూ పుస్తకం మూసేశాను. ఎందుకంటే నాకు కావలసింది దొరికింది.

మరుసటి రోజు షెడ్డులో నా ఉపన్యాసం. స్పోర్ట్స్ కార్లకు వేసే ఆయిలు డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని ఉంటుంది. అందులో డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం అని నేను చదివాను. కాబట్టి మొదటి అంకె చలికి, రెండో అంకె వేడికి.

"కడపలో చలికాలం యాడుండాది భాయ్? ఆ మొదటి అంకె మనకు దండగ. చిక్కటిది పోద్దాం, 20డబ్ల్యూ-50. మన ఎండకు అదే నిలబడేది."

మస్తాన్ భాయ్ ఓపిగ్గా విన్నాడు. ఆయిలు ఎంత ఎండలో ఉన్నా, పొద్దున స్టార్ట్ చేసే వేళకు ఇంజను లెక్కలో అది చల్లనిదేనని, ఈ ఇంజనులో సందులు వెంట్రుకంత సన్నమని, చిక్కటి ఆయిలు ఆ సందుల్లోకి చేరేలోపల లోపలి ఇనుము ఇనుమును నాకేస్తుందని చెప్పాడు. ప్రెషర్ ఎక్కువ చూపిస్తే ఆయిలు ఎక్కువ పారుతున్నట్లు కాదన్నాడు. నేను ఒప్పుకోలేదు. ప్రెషర్ ఎక్కువుంటే బలమే కదా అన్నాను.

"బీపీ ఎక్కువుంటే ఆరోగ్యమని ఏ డాక్టరన్నా చెప్పినాడా?" అని, బానెట్ లేపి ఇంజను మీద ఆయిల్ పోసే మూత చూపించాడు. దాని మీద 5డబ్ల్యూ-40 అని అచ్చుపోసి ఉంది. "కారు చేసినోడు మూత మీద రాసినాడు. నువ్వు చదివినోడివి గదా, ఇది చదువు."

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. అందులో మా బావ ఒకడు. ఓడిపోయిన పరిశోధకుడికి అనుమానం తగ్గదు, ముదురుతుంది. ఇంటికి పోతూ ఆలోచించాను. ఈయన ఖరీదైన ఆయిలే కావాలని ఎందుకు పట్టుబడుతున్నాడు? దాన్ని పక్కన పెట్టుకొని, షెడ్డు మూలన ఉన్న పీపాలోని చౌక ఆయిలు కారులో పోయడానికి. అంతకంటే స్పష్టమైన ఉద్దేశం ఏ నేరానికైనా ఉంటుందా?

ఆయిలు మార్చే గడువు ఎట్లాగూ వచ్చింది. పైగా ఆదివారం బెంగళూరు నుంచి బావ కొత్త స్నేహితులు ఏడు స్పోర్ట్స్ కార్లలో గండికోటకు వస్తున్నారు. బావ తన ఎర్ర కారుతో వాళ్ళను కలుసుకోవాలి. ఆయిలు డబ్బా నేనే తెస్తానన్నాను. మంచి అంగట్లో సీలున్న డబ్బా కొన్నాను. నేరుగా షెడ్డుకు పోలేదు. మా కొట్టు వెనక గదిలోకి పోయాను.

చిన్నప్పటి నుంచి మా ఇంట్లో చూస్తున్నాను. దిష్టి తీయాలంటే మా అవ్వ పసుపు నీళ్ళలో సున్నం కలుపుతుంది. నీళ్ళు రక్తంలాగా ఎర్రబడతాయి. గ్రంథాలయంలో రసాయన శాస్త్రం చదివినప్పుడు దానికి కారణం కూడా తెలుసుకున్నాను. ఇక నాకు కావలసిందేముంది? ఆయిలులో పసుపు కలిపి ఇస్తాను. తర్వాత కారులోని ఆయిలు ఒక చుక్క తీసి సున్నం రాస్తాను. ఎర్రబడితే అది మా ఆయిలు. ఎర్రబడకపోతే మస్తాన్ భాయ్ దొంగ. ఇంత సులువైన పరిశోధన ఆ నేర పరిశోధన పుస్తకంలో కూడా లేదు.

డబ్బా మూత తీసి, లోపలి అల్యూమినియం రేకును బ్లేడుతో మెల్లగా లేపి, ఒక గుప్పెడు పసుపు వేశాను. నమ్మకం కుదరలేదు, ఇంకో గుప్పెడు వేశాను. రకం విషయంలో రాజీ పడలేదు. మా కొట్టులో అన్నిటికంటే మేలైన పసుపు అది. రేకును బంకతో మళ్ళీ అతికించాను. కల్తీదారుణ్ణి పట్టుకోవడానికి నేను చేస్తున్న పనికి పేరేమిటో ఆ క్షణంలో నాకు తట్టలేదు. మీకు తట్టే ఉంటుంది. కాసేపు మీలోనే ఉంచుకోండి.

శనివారం మధ్యాహ్నం డబ్బా షెడ్డులో పెట్టాను. మస్తాన్ భాయ్ మూత తిప్పి, రేకు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"సీలు ఎవరో లేపి అంటించినట్లుండాదే."

నేను రేకు వంక చూడకుండా అన్నాను. "అంగడోడు తెలిసినోడే భాయ్."

"నువ్వే తెచ్చినావా? నడుమ ఎవరి చేతికీ ఇయ్యలేదు గదా?"

"నేనే. ఎవరికీ ఇయ్యలేదు."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. నాకు మనసులో ఒకటే మాట, దొంగకు అందరి మీదా అనుమానమే అని.

"సరే. నీ మాట మీద పోస్తాండా," అన్నాడు.

"పోసే ముందర డబ్బా బాగా కుదుపు భాయ్."

"ఇదేమన్నా దగ్గు మందా?"

అక్కడే నిలబడి చూద్దామనుకున్నాను. కానీ కొట్టు నుంచి మా నాయన ఫోన్ చేసి, మైదుకూరు నుంచి సరుకు వచ్చింది రమ్మన్నాడు. రెండు గంటల తర్వాత వచ్చేసరికి పని అయిపోయింది. ఖాళీ డబ్బా ఒక మూలన, కారు ఒక మూలన ఉన్నాయి. ఆ రెండు గంటలు నా అనుమానానికి పందిరి వేసినట్లయింది.

ఆదివారం పొద్దున బావా నేనూ బయలుదేరాం. నా జేబులో తెల్ల చేతిరుమాలు, మా అవ్వ తమలపాకుల సంచిలోంచి తెచ్చిన సున్నం డబ్బీ ఉన్నాయి. కమలాపురం దాటేవరకు కారు పాట పాడినట్లు పోయింది. ఎర్రగుంట్ల దాటాక బావ కాస్త వేగం పెంచాడు. ఉన్నట్టుండి ఎర్ర దీపం వెలిగింది. ముల్లు వంక చూశాను. అది ఈసారి జారలేదు, చచ్చినట్లు అడుగుకు పడిపోయింది. బావ ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఇంజను ఆపి, కారును దొర్లించుకుంటూ రోడ్డు పక్కకు తెచ్చాడు. ఆ రోజు అక్కడ తెలివిగా జరిగిన పని అదొక్కటే, అది నేను చేయలేదు.

బావ మొహం వాడిపోయింది. నా మొహం వెలిగిపోయింది. బానెట్ తీసి, ఆయిలు మట్టం చూసే కమ్మీ బయటికి లాగాను. ఆయిలు ఉండవలసినంత ఉంది. కమ్మీని చేతిరుమాలుకు తుడిచి, ఆ మరక మీద సున్నం రాసి, ఎండకు పట్టుకున్నాను. అర నిమిషం చూశాను. ఒక నిమిషం చూశాను. నల్లటి మరక నల్లగానే ఉంది.

"దొరికినాడు బావా," అన్నాను.

"ఎవరు?"

"మస్తాన్ భాయ్. నేను మన ఆయిలుకు రహస్యంగా ఒక గుర్తు పెట్టినా. సున్నం రాస్తే ఎర్రగా కావాల. ఎర్రబడితే మనం ఇచ్చిన ఆయిలే. ఇదిగో చూడు, కాలేదు. మార్చేసినాడు."

"ఏం గుర్తు పెట్టినావు?"

"అది ఇప్పుడే చెప్పగూడదు," అన్నాను గంభీరంగా. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే బావ నన్ను అక్కడే చెట్టుకు కట్టేసి పోయేవాడు, కథ ఎర్రగుంట్లలోనే ముగిసేది.

బావ పాపం నమ్మలేక నమ్మాడు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి ఇంత పని చేస్తాడా అని గొణుక్కున్నాడు. బెంగళూరు కార్లు ఏడూ ఒక్కొక్కటే మా పక్కన నిదానించి, అద్దం దించి, అయ్యో అని, అద్దం ఎత్తుకొని గండికోటకు వెళ్ళిపోయాయి. కారును ఎక్కించుకోవడానికి లారీ వచ్చేలోపల నేను ఖాళీగా ఉండలేదు. బద్వేలులో మా చిన్నాయనకు, వేంపల్లెలో మా మేనత్త కొడుక్కు, రాజంపేటలో మా సరుకు కొనే సేట్‌కు, మొత్తం తొమ్మిది మందికి ఫోన్ చేసి, మస్తాన్ షెడ్డులో బండి ఇచ్చేముందు జాగ్రత్త అని చెప్పాను. వాళ్ళందరి బండ్లూ ఆయన దగ్గరికే వస్తాయి. సమాజసేవ కదా.

మధ్యాహ్నానికి లారీ షెడ్డు ముందు ఆగింది. ఆదివారమైనా మస్తాన్ భాయ్ ఇంటి నుంచి వచ్చాడు. ఎదురుగా టీ అంగడిలో ఉన్న వాళ్ళు కూడా వచ్చారు. నేను లారీ దిగి, చేతిరుమాలు జెండాలాగా పట్టుకొని, అందరి ముందూ ఆయిలు మార్చేశావని అన్నాను. మస్తాన్ భాయ్ కోప్పడలేదు. అదే నాకు ఇంకా అనుమానంగా అనిపించింది. ఆయన బావ వైపు తిరిగాడు.

"నువ్వు గూడా అట్లనే అనుకుంటాండావా జయచంద్రప్పా?"

బావ నేల చూపులు చూశాడు.

మస్తాన్ భాయ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇప్పుడే విప్పుదాం. మీ ముందరే. నేను ఆయిలు మార్చింటే రేపట్నుంచి ఈ షెడ్డు తలుపు తీయను. నా కొడుకులకు గూడా ఈ పని వద్దని చెప్తా. మార్చకపోయింటే?"

"నువ్వు ఏం చేయమంటే అది చేస్తా," అన్నాను ధీమాగా.

ఆయన మళ్ళీ పద్ధతి తప్పలేదు. ముందు మట్టం చూశాడు, సరిగ్గా ఉంది. తన గేజు బిగించి ఇంజనును రెండు క్షణాలు తిప్పి ఆపాడు. ప్రెషర్ నిజంగానే లేదు. పంపుకు ఆయిలు అందడం లేదని చెప్పి, కారును పైకి లేపి, ఉన్న ఆయిలు వంపేసి, ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి విప్పాడు. పంపు ఆయిలు పీల్చుకునే గొట్టం చివర చిన్న జల్లెడ ఉంటుంది. ఆయన దాన్ని బయటికి తీసి, వెలుతురులో పెట్టి, చాలాసేపు చూశాడు. ఆ జల్లెడ కనబడడం లేదు. దాని మీద మందంగా, మెత్తగా, పెండ్లికూతురి చెంప మీద ఉన్నట్లు పసుపు ముద్ద ఉంది.

"ఏమప్పా," అన్నాడు మస్తాన్ భాయ్, "ఇంజనుకు నలుగు పెట్టినారా?"

టీ అంగడి వాళ్ళలో ఒకాయన దగ్గరికి వచ్చి వాసన చూశాడు. "పసుపే. శానా మంచి పసుపు," అన్నాడు. మా కొట్టుకు జీవితంలో అంత బాధాకరమైన మెచ్చుకోలు రాలేదు.

నేను వెంటనే తేరుకున్నాను. అది కల్తీ ఆయిలు గడ్డకట్టిన మడ్డి అన్నాను. కల్తీ ఆయిళ్ళు ఒక్కోసారి పసుపు రంగులో గడ్డ కడతాయని చదివాను అన్నాను. ఎక్కడా చదవలేదు. బావ మాత్రం ఆ ముద్దనూ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఓబులేసూ, నీ జేబులో ఆ డబ్బీ ఇట్లియ్యి."

"ఎందుకు బావా, అది అవ్వది."

"ఇయ్యి."

ఇచ్చాను. బావ వేలితో సున్నం తీసి, చిటికెడు ముద్దను దానితో కలిపి, షెడ్డు ముందున్న కడప బండ మీద రాశాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఊరంతా చూస్తుండగా ఆ మరక ఎర్రగా, మా అవ్వ దిష్టి నీళ్ళ కంటే ఎర్రగా మారింది.

"ఎర్రబడితే మనం ఇచ్చిన ఆయిలే అన్నావు గదా," అన్నాడు బావ. "ఎర్రబడింది."

ఆ ఒక్క ఎరుపుతో మస్తాన్ భాయ్ నిర్దోషి అయ్యాడు, నేను దోషినయ్యాను. చేతిరుమాలు మీద ఎందుకు ఎర్రబడలేదంటారా? నేనూ అదే అడిగాను. లోపల మిగిలిన పాత మడ్డి కలిసి నల్లబడిన ఆయిలులో ఏ రంగు కనబడుతుందని, పైగా పసుపంతా జల్లెడకు పట్టుకొని కూర్చుంటే కమ్మీకి ఏం అంటుతుందని మస్తాన్ భాయ్ నెమ్మదిగా విడమరిచాడు. అది గేలి చేసినట్లు కాకుండా పాఠం చెప్పినట్లు చెప్పడమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

"నిన్న సీలు చూసి నేను అడిగితిని," అన్నాడు. "నీ మాట మీద పోసినా."

ఇక శిక్ష. గొట్టాలు, తొట్టి, జల్లెడ, పంపు, అన్నీ నేనే కూర్చొని కిరోసిన్‌తో కడగాలి. అది సులువైనది. అసలైనది రెండోది.

"ఎవరెవరికి ఫోన్ చేసినావో వాళ్ళందరికీ మళ్ళీ చేయి. ఈడనే, నా ముందర. స్పీకర్ పెట్టు."

తొమ్మిది ఫోన్లు చేశాను. ఎనిమిది మంది నవ్వి వదిలేశారు. బద్వేలు చిన్నాయనకు చెవి కాస్త మందం, విషయం మూడుసార్లు చెప్పించుకున్నాడు.

"అయితే మస్తాన్ దొంగ కాదంటావు."

"కాదు చిన్నాయనా."

"మరి ఆయిలులో కల్తీ చేసింది ఎవరురా?"

"నేనే చిన్నాయనా."

"గట్టిగా చెప్పరా, వినపడలా."

గట్టిగా చెప్పాను. టీ అంగడిలో గ్లాసులు కడిగే శబ్దం కూడా ఆగిపోయింది.

మూడు రోజులకు కారు బాగైంది. బావ సకాలంలో ఆపడం వల్ల ఇంజనుకు దెబ్బ తగల్లేదు. ఊరంతా తిప్పి, కాగబెట్టి తెచ్చి షెడ్డు ముందు ఆపితే, ముల్లు మెల్లగా కిందికి జారింది. మస్తాన్ భాయ్ నన్ను పిలిచి చూపించాడు. "దిగిందా? దిగాల," అన్నాడు. ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి, నేను మూసేసిన చోట ఆ లావుపాటి పుస్తకం తెరిచి పేజీ తిప్పాను. మొదటి వాక్యమే అది. కాగిన ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ప్రెషర్ తగ్గడం సహజం, కంగారు పడవద్దు అని. లైబ్రేరియన్ ఇంకో నిమిషం ఫ్యాను ఆపకుండా ఉంటే నా పరువు నిలిచేది.

ఇప్పటికీ నా బైకు సర్వీసుకు ఇస్తే మస్తాన్ భాయ్ ఆయిలు డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని, నా వైపు ఓరగా చూస్తాడు.

"ఉప్పు సరిపోయిందా, చూసినావా అప్పా?"

అందుకే పాఠకులారా, మా గ్రంథాలయంలోని మూడు బీరువాల సాక్షిగా ఒక ప్రమాణం చేశాను. ఎవరిమీదైనా అనుమానం వస్తే, నోరు తెరిచే ముందు నా రెండు చేతులకూ సున్నం రాసుకొని చూసుకుంటాను. ఎర్రబడితే తప్పు నాదే అనుకొని నోరు మూసుకుంటాను. పొద్దస్తమానం పసుపు కొట్టులో కూర్చునేవాణ్ణి కదా, ఈ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరిచే అవకాశం రాలేదు.